ఒకే పత్రం, రెండు ప్రోగ్రాములు: టీవీ ప్రసారంలో ఐపి ప్యాకెట్లు పంపిన పని డైరీ

దశ 0: పని ఏమిటి, షరతులు ఏమిటి

టీవీ ప్రసారం మోసే ముక్కల్లో ఇంటర్నెట్ (ఐపి) ప్యాకెట్లు పెట్టి పంపడం, అవతల విప్పడం మా పని. ఇదే పని ఇంకెవరైనా మొదలుపెడితే మేం పడ్డ గుంటల్లో పడకూడదని రాస్తున్నాను. ఎందుకు మొదలుపెట్టాం, ఎంత సంబరపడ్డాం లాంటివి వదిలేశాను. నేను తిరుపతి కొర్లగుంటలో, మా బావ చిత్తూరు కట్టమంచిలో. ఆయన చాలా ఏళ్ళు కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్ నడిపాడు. నిద్రలో లేపి అడిగినా 188 అంటాడు.

ఆ 188 ఏమిటంటే, డిజిటల్ టీవీలో బొమ్మ, శబ్దం అన్నీ 188 బైట్ల ముక్కలుగానే వెళ్తాయి. అందులో మొదటి 4 బైట్లు హెడర్: ముందు హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) 47 అనే గుర్తు, తర్వాత ఏ ఛానల్‌కి చెందినదో చెప్పే 13 బిట్ల పిఐడి, చివర్లో 0 నుంచి 15 దాకా తిరిగే కౌంటర్. మిగిలిన 184 బైట్లు సరుకు. ఇంటర్నెట్ ప్యాకెట్ మాత్రం 40 బైట్లూ ఉండొచ్చు, 1500 కూడా ఉండొచ్చు. దాన్ని 184లో ఎలా కుదించాలి, అవతలివాడు ఎలా విప్పాలి, అదే ఇక్కడ ప్రమాణం చెప్పాల్సిన సంగతి. రెండు రకాల ప్యాకెట్లూ కలిసిపోయి తల తిరుగుతుంది కాబట్టి ఈ డైరీ అంతటా 188 బైట్ల ముక్కని పెట్టె అనీ, హెడర్ తగిలించిన ఐపి ప్యాకెట్‌ని మూట అనీ అంటాను. మేం పట్టుకున్న ప్రమాణ పత్రంలో (దాని పేరు కింద ఉంది) మూటని ఎస్‌ఎన్‌డియు అంటారు.

పాత పద్ధతి ఎంపిఇ. ఒక్కో ఐపి ప్యాకెట్ మీద కనీసం 16 బైట్ల బరువు పడుతుంది, పైగా అందులో చిరునామా బైట్లు రెండు ఒకచోట, నాలుగు ఇంకోచోట ఉంటాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఇటిఎఫ్‌లో ఐపిడివిబి అనే బృందం కూర్చుని దీనికి తేలికైన దారి రాసింది, దాని పేరు యుఎల్‌ఇ. ఐఇటిఎఫ్ పత్రాలని ఆర్‌ఎఫ్‌సిలు అంటారు. 2005 నవంబరులో ఆర్‌ఎఫ్‌సి 4259 చట్రాన్ని చెప్పింది, డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సి 4326 అసలు పద్ధతిని చెప్పింది. రెండోది రాసింది అబర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి గోరీ ఫెయిర్‌హర్స్ట్, సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి బెర్న్‌హార్డ్ కొల్లిని-నోకర్. చిరునామా లేకపోతే బరువు 8 బైట్లు, ఉంటే 14.

మా షరతులు:

1. ఇద్దరం ఆర్‌ఎఫ్‌సి 4326 మాత్రమే చదవాలి. మూట కట్టే ప్రోగ్రామ్ నాది, విప్పేది బావది. ఒకరి కోడ్ ఒకరు చూడకూడదు.
2. ఇద్దరి మధ్య నడిచేది ఫైళ్ళు, ఫోన్ కాల్స్ మాత్రమే.
3. తేడా వస్తే ముందు పత్రంలో వాక్యం చూపించాలి, ఆ తర్వాతే దిద్దుకోవాలి.
4. పత్రం మన ఇష్టానికి వదిలేసిన వాటిని మా సొంత ఒప్పంద పత్రంలో రాసుకోవాలి.

విడివిడిగా రాయడం మా తిక్క కాదు. ఐఇటిఎఫ్ 1996లో రాసుకున్న ఆర్‌ఎఫ్‌సి 2026 ప్రకారం ఒక ప్రమాణం పై మెట్టు ఎక్కాలంటే కనీసం రెండు చోట్ల విడిగా తయారైనవి ఒకదానితో ఒకటి పనిచేసి చూపించాలి. ఒక్కడే రెండు వైపులా రాస్తే రెండు వైపులా ఒకే తప్పు చేస్తాడు, ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి.

ఒప్పుకున్న పరీక్షలు 12.

దశ 1: ఒక్క మూట కూడా విప్పుకోలేదు

64 బైట్ల ఐపి ప్యాకెట్లు వెయ్యి, వాటితో కట్టిన ఫైలు పంపాను. బావ నుంచి వచ్చిన జవాబు: "సున్నా రా బామ్మర్దీ."

మూడు తప్పులు ఒకేసారి ఉన్నాయి. అందుకే ఒకటి దిద్దినా ఏమీ మారినట్టు కనిపించలేదు, ఆ రెండు రాత్రులు నాకు ఇందుకే పోయాయి.

1. పొడవు. మూట మొదట్లో 2 బైట్లు ఉంటాయి, అందులో 15 బిట్లు పొడవు. దేని పొడవు? నేను ఐపి ప్యాకెట్ పొడవు అనుకుని 64 వేశాను. టైప్ ఫీల్డ్ (లోపల ఏ రకం ప్యాకెట్ ఉందో చెప్పే 2 బైట్లు) తర్వాత నుంచి చివరి సిఆర్‌సి (దారిలో పాడైందా అని పట్టిచ్చే 4 బైట్ల లెక్క) దాకా అన్నీ లెక్క అని పత్రంలో ఉంది. అంటే 68. చిరునామా కూడా ఉంటే 74. మూట మొత్తం కొలిస్తే 72.

2. డి బిట్. ఇది బావ తప్పు. డి అంటే డెస్టినేషన్, కాబట్టి 1 ఉంటే చిరునామా ఉన్నట్టే అనుకున్నాడు. నిజానికి అది చిరునామా లేదని చెప్పే బిట్. 1 ఉంటే లేదు, 0 ఉంటే ఉంది. దాంతో ఆయన ప్రోగ్రామ్ నా ఐపి హెడర్‌లో మొదటి 6 బైట్లు చిరునామా అనుకుని మింగేసింది.

3. సిఆర్‌సి. ఎక్కువమంది పడే గుంట ఇదే అనుకుంటా. సిఆర్‌సి లెక్కకి యుఎల్‌ఇ వాడే బహుపది (పాలినామియల్), ఈథర్నెట్ వాడే బహుపది ఒకటే. అది చూసి నేను పైథాన్‌లో ఉన్న జెడ్‌లిబ్ సిఆర్‌సి పిలిచేసి చేతులు దులుపుకున్నాను. అయితే ఈథర్నెట్ పద్ధతిలో బిట్ల వరస తిరగేస్తారు, చివర్లో అన్నీ తలకిందులు చేస్తారు. యుఎల్‌ఇలో ఈ రెండూ లేవు. రిజిస్టర్ అన్నీ ఒకట్లతో మొదలవుతుంది, బిట్లు ఉన్న వరసలోనే వెళ్తాయి. ఎంపెగ్-2 సెక్షన్లలో ఉన్న లెక్కే ఇది, లైనక్స్ కెర్నల్ కూడా ఇలాగే చేస్తుంది. సరిచూసుకోవడానికి తేలికైన మార్గం: 1 నుంచి 9 దాకా అంకెల అక్షరాలు తొమ్మిదీ ఇవ్వండి. హెక్స్‌లో 0376ఇ6ఇ7 వస్తే సరైన సిఆర్‌సి. సిబిఎఫ్43926 వస్తే నాలాగే జెడ్‌లిబ్ వాడుతున్నారన్నమాట.

సరైన సిఆర్‌సి పెట్టిన అరగంటకే మూటలు విప్పుకోవడం మొదలైంది. ఇందులో నేను మార్చుకున్న అలవాటు ఒకటుంది: ఫైలు మొత్తం పంపడం మానేసి, ముందు ఒకే ఒక్క మూట హెక్స్‌లో కాగితం మీద రాసుకుని, ఫోన్‌లో బైట్ తర్వాత బైట్ చదివేవాణ్ని. బావ తన కాగితం మీద టిక్కు పెట్టుకునేవాడు. ఈ పని మొదటిరోజే చేసుంటే రెండు రాత్రులు మిగిలేవి.

ఇప్పటిదాకా: 16 గంటలు, ఖర్చు 0, పరీక్షలు 12కి 3.

దశ 2: 994

మూటని పెట్టెల్లో సర్దడానికి రెండు దారులు. ఒక మూట అయిపోగానే పెట్టెలో మిగిలిన జాగా అంతా హెక్స్ ఎఫ్ఎఫ్‌లతో నింపేయడం ఒకటి. అదే పెట్టెలో తర్వాతి మూట కూడా మొదలుపెట్టడం రెండోది. మొదటిది తేలిక, కానీ లెక్క చూడండి:

64 బైట్ల ప్యాకెట్లు వెయ్యి: ఎఫ్ఎఫ్ నింపితే 1,000 పెట్టెలు, అంటే 1,88,000 బైట్లు. సర్దితే 394 పెట్టెలు, 74,072 బైట్లు. పంపిన దాంట్లో అసలు సరుకు 34 శాతం నుంచి 86 శాతానికి పెరిగింది.

1500 బైట్ల ప్యాకెట్లు: నింపితే ఒక్కోదానికి 9 పెట్టెలు, 88.7 శాతం సరుకు. సర్దితే సుమారు 97.3 శాతం.

పెద్ద ప్యాకెట్లే పంపేవాళ్ళకి ఈ గొడవ అక్కర్లేదు. చిన్నవి పంపేవాళ్ళు సర్దక తప్పదు.

సర్దేటప్పుడు కొత్త మూట మొదలయ్యే పెట్టెలో హెడర్ తర్వాత ఒక బైట్ పాయింటర్ పెట్టాలి: ఇక్కణ్నుంచి ఎన్ని బైట్లు దాటితే కొత్త మూట మొదలవుతుందో అది చెప్తుంది. కాబట్టి అలాంటి పెట్టెలో జాగా 183 బైట్లే. ఇది రాసి, 64 బైట్ల వెయ్యి ప్యాకెట్లు పంపితే వెయ్యికి వెయ్యీ వచ్చాయి. బావ ఖుషీగా ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఏదో తోచి ప్యాకెట్ ఒక్క బైట్ తగ్గించి 63 చేశాను. 994 వచ్చాయి.

సిఆర్‌సి తప్పులు 0. కౌంటర్ తెగినవి 0. మళ్ళీ పంపినా 994. పోయినవి ఎప్పుడూ అవే ఆరు: 68, 251, 434, 617, 800, 983. వాటి మధ్య దూరం 183. ఆ అంకె కనబడ్డాక కూడా అసలు సంగతి తట్టడానికి ఒక పూట పట్టింది.

జరిగింది ఇది. 63 బైట్ల ప్యాకెట్ మూట 71 బైట్లు. 67 మూటలు కలిపితే 4,757 బైట్లు, అంటే 25 పెట్టెలు నిండి 26వ పెట్టెలో 182 బైట్లు. సరిగ్గా ఒక్క బైట్ మిగిలింది. నా ప్రోగ్రామ్ ఆ ఒక్క బైట్‌లో 68వ మూట పొడవు ఫీల్డ్‌లో సగం రాసి, మిగతా సగం తర్వాతి పెట్టెలో రాసింది. అది చేయకూడదని పత్రంలో స్పష్టంగా ఉంది: పొడవు ఫీల్డ్ రెండు పెట్టెల మధ్య విరగకూడదు, ఒక్క బైటే మిగిలితే ఎఫ్ఎఫ్ వేసి వదిలేయాలి. ఆ వాక్యం నేను చదివాను, ఇలాంటిది ఎప్పుడో గానీ జరగదులే అని దాటేశాను. బావ ప్రోగ్రామ్ మాత్రం నియమం ప్రకారం ఆ చివరి బైట్ పారేసి, తర్వాతి పెట్టెలో పాయింటర్ చూపించిన 69వ మూట దగ్గర మళ్ళీ మొదలైంది. అందుకే ఎవరూ తప్పని అరవలేదు, మూట ఒకటి చప్పుడు లేకుండా మాయమైంది.

మరి 64 బైట్లతో ఎందుకు దొరకలేదు? ఆ మూట 72 బైట్లు, పెట్టెలో జాగా 183. రెండూ 3తో భాగించబడతాయి, కాబట్టి మిగిలేది ఎప్పుడూ 0, 3, 6 ఇలాగే ఉంటుంది, 1 ఎప్పటికీ మిగలదు. వెయ్యి కాదు, కోటి పంపినా దొరికేది కాదు. పరీక్షకి గుండ్రటి అంకెలు ఎంచుకునే నా అలవాటు అక్కడితో పోయింది.

బావ వైపు కూడా ఒకటి దిద్దాం. మిగిలిన బైట్ ఎఫ్ఎఫ్ అయితే తప్పుగా లెక్కించొద్దని పత్రంలో ఉంది. "ఎట్లాగూ పారేసేదే కదా, దాన్ని చూసేదెందుకు" అని ఆయన చూడటమే మానేశాడు. ఎఫ్ఎఫ్ కాకపోతే ఒకటి లెక్కపెట్టు బావా అన్నాను. నా పాత ఫైలే మళ్ళీ నడిపితే లెక్క 6 చూపించింది. ఈ కౌంటర్ ముందే ఉండుంటే ఐదు నిమిషాల పని.

ఇదే దశలో చిన్నవి, త్వరగా తేలినవి:

1. పెట్టె కౌంటర్ ప్రతి పిఐడికి వేరుగా తిరగాలి. నేను ఖాళీ పెట్టెలు, అంటే పిఐడి 8191 ఉన్నవి, వాటిని కూడా కలిపి లెక్కించాను. ఆ కౌంటర్ తెగితే విప్పేవాడు చేతిలో ఉన్న సగం మూట పారేయాలి. అన్నీ పారేశాడు.
2. ఆఖరి మూట తర్వాత జాగా మిగిలితే రెండు ఎఫ్ఎఫ్‌లు ముగింపు గుర్తు. బావ ముందు దాన్ని 32,767 బైట్ల మూట అనుకున్నాడు.

ఇప్పటిదాకా: 41 గంటలు, ఖర్చు 0, పరీక్షలు 12కి 7. 20 నుంచి 1500 దాకా ఎలాపడితే అలా పొడవులున్న 10,000 ప్యాకెట్లు, 10,000 వచ్చాయి.

దశ 3: "చేయాలి" అంటే ఏమిటి

ఒప్పంద పత్రం తెలుగులో రాసుకున్నాం. దాని మొదటి కూర్పు 0.1లో నేను రాసిన వాక్యం: "తర్వాతి ప్యాకెట్ కోసం 20 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ ఆగకుండా పెట్టె పంపేయాలి." ఎంతసేపు ఆగాలన్నది ఆర్‌ఎఫ్‌సి మనకే వదిలేసింది, అందుకే రాసుకోవాల్సి వచ్చింది. 20 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున చిన్న ప్యాకెట్లు వచ్చే మాటల ట్రాఫిక్ మీద పెట్టెకి ఒకటో రెండో మూటలు పడ్డాయి. సరుకు శాతం పెద్దగా పెరగలేదు, ఆలస్యం మాత్రం పెరిగింది. బావ విప్పే ప్రోగ్రామ్ 20 దాటితే లింకు పోయిందని ప్రకటిస్తోంది. నా ల్యాప్‌టాప్ అప్పుడప్పుడు 23, 24 చేస్తోంది.

"నువ్వు చేయాలి అని రాసినావు కదప్పా."

"చేయాలి అంటే చేస్తే మంచిదని బావా."

గొడవ ఎవరిదీ కాదు. పొద్దున్నే లేవాలి అంటాం, పన్ను కట్టాలి అంటాం. ఒకటి మంచి మాట, ఒకటి తప్పించుకోలేనిది, తెలుగులో రెండిటికీ ఒకే "ఆలి". ఇంగ్లీషువాళ్ళకీ ఈ తిప్పలు ఉన్నట్టే ఉన్నాయి, 1997లో ఆర్‌ఎఫ్‌సి 2119 అని ఈ మాటలకి అర్థాలు చెప్పడానికే ఒక పత్రం రాసుకున్నారు. మస్ట్, షుడ్, మే: తప్పదు, బలమైన కారణం లేకపోతే తప్పొద్దు, నీ ఇష్టం. వాటికి మేం పెట్టుకున్నవి:

1. "తప్పనిసరి": తప్పితే ఇది మన పద్ధతి కాదు.
2. "మంచిది": తప్పొచ్చు, ఎందుకు తప్పావో రాసిపెట్టు.
3. "ఇష్టం": చేసినా చేయకపోయినా అవతలివాడు తట్టుకోవాలి.

మూడోదాంట్లో అవతలివాడు తట్టుకోవాలి అన్న సగమే అసలు బరువు. నాకు ఇష్టం అయింది బావకి తప్పనిసరి అవుతుంది: నేను మూటలు సర్దొచ్చు, సర్దకపోవచ్చు, ఆయన మాత్రం రెండూ విప్పగలగాలి. 0.2లో "చేయాలి" అనే మాటే లేదు. 20 మిల్లీసెకన్లు "మంచిది" కింద, లింకు పోయిందని ప్రకటించడానికి 200 "తప్పనిసరి" కింద వేశాం.

ఇప్పటిదాకా: 47 గంటలు, పరీక్షలు 12కి 8.

దశ 4: తీగ మీద

ఫైళ్ళు మానేసి నిజం సిగ్నల్. పంపడానికి హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే రేడియో పరికరం, ఇది స్నేహితుడి దగ్గర అరువు. అందుకోవడానికి ఆర్‌టిఎల్2832యు చిప్ ఉన్న డాంగిల్. ఎస్‌డిఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) అని అందరూ కొనేది ఇదే, కానీ పుట్టుకతో డివిబి-టి టీవీ డాంగిల్, లైనక్స్‌లో టీవీ డ్రైవర్ ఉంది. మధ్యలో యాంటెన్నా లేదు, తీగే. లైసెన్సు లేకుండా టీవీ బ్యాండ్‌లో గాలిలోకి వదలడం నేరం, దయచేసి ఎవరూ సరదాకి కూడా చేయకండి.

ఖర్చు: డాంగిల్ 2,900, అటెన్యుయేటర్లు (సిగ్నల్ బలం తగ్గించేవి) 30 డిబి ఒకటి, 20 డిబి ఒకటి కలిపి 1,300, తీగలు, కనెక్టర్లు 480. మొత్తం 4,680.

సెట్టింగులు: 474 మెగాహెర్ట్జ్, 8 మెగాహెర్ట్జ్ వెడల్పు, క్యూపిఎస్‌కె, కోడ్ రేటు 1/2, గార్డ్ 1/32. దీని వేగం 6.03 ఎంబిపిఎస్.

మొదటి గొడవ: సిగ్నల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ గ్నూ రేడియో సెకనుకి 91.4 లక్షల శాంపిళ్ళు తయారుచేయాలి, నా పాత ల్యాప్‌టాప్ వల్ల కాలేదు, తెర మీద వరసగా యు అక్షరాలు పడ్డాయి. అంటే హ్యాక్‌ఆర్‌ఎఫ్ ఆకలితో ఉందని. దీంతో కుస్తీ పట్టడం మానేసి, ముందే శాంపిళ్ళన్నీ ఫైల్లోకి రాసి, దాన్ని తిప్పి తిప్పి ప్లే చేశాను. నిమిషానికి 1.1 జిబి.

రెండోది: లాక్ వచ్చింది, అంటే డాంగిల్ సిగ్నల్ పట్టుకుంది, బాగుందనుకుని గెయిన్ తగ్గిస్తూ పోయాను, ఎంత తగ్గించినా లాక్ పోవట్లేదు. అనుమానం వచ్చి తీగ పీకేశాను. అయినా లాక్ ఉంది! అటెన్యుయేటర్ల గుండా కాకుండా పక్కనే గాలిలోంచి అందుకుంటోంది, అంటే నేను గాలిలోకి వదులుతున్నానన్నమాట. వెంటనే ఆపేశాను. అమ్మ ఉప్మా డబ్బా తెచ్చి డాంగిల్‌ని అందులో పెట్టాను. బావ ఫోన్‌లో నవ్వాడు: "దొంగని బయట పెట్టి ఇంటివాళ్ళని లోపలేసినావే." నిజమే, డబ్బాలో పెట్టాల్సింది పంపే దాన్ని. హ్యాక్‌ఆర్‌ఎఫ్ లోపల పెట్టి, తీగలు బయటికొచ్చే అంచు చుట్టూ వంటింట్లో రొట్టెలు చుట్టే ఫాయిల్ నొక్కి, మూత బిగించాక, తీగ పీకితే లాక్ పోయింది. పది నిమిషాలకి డబ్బా గోరువెచ్చగా అవుతుంది, అంతకంటే ఎక్కువసేపు నడపలేదు. డబ్బా వంటింటికి తిరిగి వెళ్ళలేదు, దాని మీద ఇప్పటికీ మాట పడుతున్నాను.

మూడోది: నిమిషానికి 29,300 ప్యాకెట్లు పంపితే 29,294 నుంచి 29,297 వస్తున్నాయి. పోయినవన్నీ ఒకే చోట, ఫైలు అయిపోయి మళ్ళీ మొదలయ్యే అతుకు దగ్గర. అక్కడ పెట్టె కౌంటర్ గెంతుతుంది, మాడ్యులేషన్ ఫ్రేము కూడా మధ్యలో తెగుతుంది. పెట్టెల సంఖ్య 16 గుణిజంగా చేస్తే కౌంటర్ గెంతు పోయింది, ఫ్రేము తెగడం మాత్రం ఉంది. అతుకు దగ్గర అర సెకను ఖాళీ పెట్టెలు నింపి వదిలేశాను. ఇది మందు కాదు, కట్టు.

ఇప్పటిదాకా: 60 గంటలు, 4,680 రూపాయలు, పరీక్షలు 12కి 9.

దశ 5: మూడోవాడు

బావ ప్రోగ్రామ్ పక్కన పెట్టి లైనక్స్ కెర్నల్‌తోనే విప్పించాం, యుఎల్‌ఇ అందులో ఉంది. మేం ఎవరమూ చూడని మూడో చేయి కాబట్టి అసలు పరీక్ష ఇదే.

1. ఒక కిటికీలో డివిబివి5-జాప్‌తో ట్యూన్ చేసి, దాన్ని మూయకుండా ఉంచండి. మూస్తే కాసేపటికి ట్యూనర్ నిద్రపోతుంది, ఇంటర్‌ఫేస్ మాత్రం ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక గంట ఇక్కడే పోయింది.
2. డివిబినెట్ కమాండ్‌కి పిఐడి ఇచ్చి, పెద్ద యు ఆప్షన్ కూడా ఇవ్వండి. అది లేకపోతే ఎంపిఇ అనుకుంటుంది.
3. ఇంటర్‌ఫేస్‌కి ఐపి ఇచ్చి పైకి లేపండి.

వచ్చే ప్యాకెట్లని చూపించే టిసిపిడంప్‌లో ప్యాకెట్లు వరదలా కనిపిస్తున్నాయి, అప్లికేషన్‌కి ఒక్కటీ అందట్లేదు. మూట, పెట్టె, సిఆర్‌సి అన్నీ మళ్ళీ తవ్వాను. తప్పు అక్కడ లేదు. ఆర్‌పి ఫిల్టర్ అని కెర్నల్లో ఒక కాపలా ఉంటుంది: ప్యాకెట్ ఏ దారిన వచ్చిందో, ఆ పంపినవాడికి జవాబు కూడా అదే దారిన వెళ్తుందా అని చూస్తుంది, వెళ్ళకపోతే పారేస్తుంది. ప్రసారం ఒకవైపు దారి, దానికి తిరుగు దారి ఎప్పటికీ ఉండదు. ఆ ఇంటర్‌ఫేస్‌కీ, "ఆల్" అనేదానికీ రెండిటికీ ఆ విలువ 0 చేయాలి, ఒక్కదానికే చేస్తే పెద్ద విలువే నెగ్గుతుంది. ఏఆర్‌పి (ఈ ఐపి ఎవరిది అని అడిగి హార్డ్‌వేర్ చిరునామా తెలుసుకునే పద్ధతి) కూడా ఇదే కారణంగా పనిచేయదు, అడిగితే జవాబు చెప్పేవాడు లేడు. దీని మీద 2007లో ఆర్‌ఎఫ్‌సి 4947 వచ్చింది. మేం మల్టీకాస్ట్‌తో, అంటే ఒకరికని కాకుండా గుంపుకి పంపడంతో సరిపెట్టుకున్నాం.

ఇప్పటిదాకా: 71 గంటలు, 4,680 రూపాయలు, పరీక్షలు 12కి 10.

మిగిలిన రెండు: చిరునామా ఉన్న మూటలు, ఐపివి6. రెండోదానికి టైప్ 2048 బదులు 34525 వేస్తే చాలని పత్రం చెప్తోంది. బావ ఈసారి ముందు తన ఫైలు పంపుతానన్నాడు, కట్టేది ఆయన, విప్పేది నేను. నిన్న రాత్రి మొదటి మూట ఫోన్‌లో చదివాడు, పన్నెండో బైట్ దగ్గర నా కాగితంతో కలవలేదు.